పైకెక్కని పురుగు

భవాని బస్సు దిగేటప్పుడు బట్టల సంచి భుజానికి వేలాడుతున్నది. రెండు చేతులతో తెల్లటి థర్మాకోల్ పెట్టెను, నిండు కుండను పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా మెట్లు దిగింది. కండక్టరు విసుక్కుంటూనే మోచేయి పట్టి దింపాడు.

తల్లి పుష్ప ఎదురుపోయి పెట్టె అందుకోబోయింది.

"వద్దు యాడీ, నేనే పట్టుకుంట. కుదిపితే చస్తయి."

"ఏం చస్తయే? చేపపిల్లలా?"

"ఈగలు."

పుష్ప నవ్వింది. కూతురు నవ్వలేదు. పెనుబల్లి రోడ్డు మీంచి తండాకు పోయే మట్టిబాటలో ఎండ అప్పుడే చుర్రుమంటున్నది. హోళీ ఇంకా రాలేదు గానీ మోదుగులు విరగబూసి ఉన్నాయి. పెట్టె మీద చున్నీ కప్పి భవాని ముందు నడుస్తుంటే, పుష్ప సంచి మోసుకుంటూ వెనక నడిచింది. హైదరాబాదులో ఈ పిల్ల క్యాన్సరు మీద పరిశోధన చేస్తున్నదని ఆమెకు తెలుసు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పింది కూడా. అయితే ఆ మాట అన్నప్పుడల్లా ఆమె కళ్లకు ఒక దవాఖానా కనిపించేది. మంచాలు, తెల్ల దుప్పట్లు, వాటి మీద మనుషులు, మధ్యలో తన కూతురు. ఆ దవాఖానాలో ఈగ ఎన్నడూ వాలలేదు.

"మరి నువ్వు చదివేది మనుషుల మీద కాదా?"

"మనుషుల కోసమే యాడీ. చేసేది ఈగల మీద."

ఆ రెండింటికీ తేడా ఏమిటో ఇల్లు చేరేలోగా అర్థం చేసుకుందామనుకుంది పుష్ప. ఇల్లే ముందు వచ్చింది.

భవానిని పిలిపించింది తండ్రి రవికుమార్. సత్తుపల్లి బొగ్గు గనిలో పంపు ఆపరేటరు. షిఫ్టు దిగి ఇంటికి రావడం, తల్లి మంగ్లితో వాదన పెట్టుకోవడం, ఈ మధ్య అతనికి అదే పని. మంగ్లికి ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. చలికాలంలో పత్తి ఏరుతుంటే వొడి ముడి అక్కడ ఒత్తుకుంటే, "ఇదేందో చూడవే, లోపల రాయి ఉన్నట్టుంది," అని కోడలికి చూపించింది. ఖమ్మంలో డాక్టరు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాడు. క్యాన్సరే అన్నాడు. ఇంకా చిన్నగానే ఉంది, ఇప్పుడు తీసేస్తే మనిషి దక్కుతుంది, నాన్చితే మాత్రం తాను చెప్పలేనన్నాడు. ఆరోగ్యశ్రీ కార్డు మీద హైదరాబాదులో ఆపరేషన్‌కు తేదీ కూడా దొరికింది. వచ్చే వారం కాక పైవారం సోమవారం పోయి చేరాలి.

మంగ్లి పోనంటే పోనంటున్నది.

"నొప్పి లేదు. జ్వరం లేదు. రెండు పూటలు తింటున్న. బర్రెకు గడ్డి నేనే కోస్తున్న. రోగం ఏడుందిరా?" అంటుంది కొడుకుతో. మరీ పట్టుబడితే ఇంకో మాట అంటుంది. "ఒక పక్క కోసి పారేస్తే నా కాంచళి ఎట్ల నిలుస్తది? సగం నిండి సగం ఖాళీగ, ఎండిన సొరకాయ లెక్క ఏలాడాల్నా?" ఆ అద్దాల రవికను తండాలో ఇంకా తొడుక్కుంటున్న ముసలమ్మలు ఇద్దరో ముగ్గురో. మంగ్లికి అదంటే ప్రాణం.

"నా మాట వినది. నీ మాట వింటది. ఆ రోగం చదివేది నువ్వే గద," అని రవికుమార్ ఫోన్ చేశాడు. తీరా భవాని బయల్దేరే వారంలోనే లేబులో మిగతావాళ్లంతా బెంగళూరులో ఏదో సభకు పోయారు. ఈగలను చూసేవాళ్లు లేరు. లేబు నడిపే మేడంను బతిమాలి వాటిని వెంట తెచ్చుకుంది.

"నేను రాకుంటే దాదీ కదలది. నేను లేకుంటే ఇవి బతకవు. ఇంకేం చేయాలె యాడీ?" అన్నది, కూలరు ముందు పీట వేసి దాని మీద పెట్టె దించుతూ.

మంగ్లి అప్పుడే గడ్డిమోపు దించి వచ్చి, చేతులు కడుక్కోకుండానే మనుమరాలి చెంపలు నిమిరింది. తర్వాత పెట్టెలోకి తొంగి చూసింది. వేలెడంత గాజు సీసాలు వరసగా ఉన్నాయి. ప్రతి సీసా మూతికీ దూది. అడుగున పసుపచ్చగా, గడ్డకట్టిన మక్కజావలా, గటకలాంటిది. కొన్నింట్లో నలకలంత ఈగలు తిరుగుతున్నాయి. కొన్నింట్లో గుడ్లు పగిలి, దారప్పోగుల్లాంటి తెల్ల పురుగులు గటకలో కదులుతున్నాయి. కొన్నింట్లో ఏమీ లేవు, గటక మాత్రమే. ప్రతి సీసాకూ చిన్న కాగితం అంటించి ఉంది.

"ఇప్పపువ్వు ఆరబోస్తే ముసిరేటి చిన్నీగలు గదనే ఇవి? చెప్తే చాటెడు పట్టిద్దును. వీటికి బస్సు కిరాయి పెట్టి పట్నం నుంచి తెచ్చినవా?"

"ఆ ఈగలే దాదీ. కాకపోతే వీటిల్ల కొన్నింటికి క్యాన్సరుంది."

మంగ్లి చేయి వెనక్కి తీసుకుంది. "అంటుకుంటదా?"

"అంటుకోది."

"మరి నాకెవరు అంటించిండ్రు?"

"ఎవరూ అంటించలే. అది అంటుకునే రోగం కాదు."

మంగ్లి మళ్లీ పెట్టె మీదికి వంగింది. "ఈగకు రొమ్ములుంటయా?"

పుష్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భవాని కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "రొమ్ములల్ల కాదు దాదీ. పురుగుగ ఉన్నప్పుడే తలకాయల వస్తది."

"దానికి తలకాయ ఒకటి! బీడీ తాగిందా?"

"లేదు."

"నేనూ తాగలే. మరి ఇద్దరికి ఎట్లొచ్చింది?"

భవాని పీట పక్కన కూర్చుని చెప్పుకొచ్చింది. ఒంట్లో ప్రతి భాగానికీ ఇక పెరిగింది చాలు, ఆగు అని చెప్పేది ఒకటి ఉంటుంది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఈ పురుగుల్లో కొన్నింటికి అది రెండు వైపులా చెడిపోయి పుట్టింది. అందుకని ఆగమని చెప్పేది లేక పెరుగుతూనే ఉంటాయి. మనుషుల్లోనూ దాదాపు అలాంటిదే ఉంది కాబట్టి, ఈగలో చూస్తే మనిషి సంగతి కొంత తెలుస్తుంది.

"మా యాడికి లేదు, మా బాపుకు లేదు," అన్నది మంగ్లి. "నాకు చెడింది ఏడికెల్లి వచ్చింది?"

"నీది పుట్టుకతోటి కాకపోవచ్చు. వయసు మీద చెడి ఉంటది."

"కాకపోవచ్చా? కాదా?"

"తెలియది దాదీ."

"తెలియదని చెప్పెటందుకేనా గిన్నేండ్లు చదివింది?"

పుష్ప నవ్వు అక్కడితో ఆగిపోయింది. తల్లి సగం, తండ్రి సగం. అత్తమ్మ నుంచి ఆయనకు సగం వచ్చి ఉంటే, ఆయన నుంచి ఈ పిల్లకు? వంటింట్లో పప్పు కడుగుతూ అదే అడిగింది. భవాని కొంచెం ఆలోచించి, "అందరికీ రాది యాడీ. అక్కడ డాక్టర్ని అడుగుదాం," అన్నది. రాదు అంటుందేమో అనుకుంది పుష్ప. అడుగుదాం అన్నది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

తర్వాతి రోజుల్లో దాదీకి ఆపరేషన్ గురించి చెప్పబోయినప్పుడల్లా మాట ఈగల మీదికే పోయేది. మంగ్లి ఉన్నచోట ఉండక సీసాల చుట్టే తిరిగేది. భవాని సగం సీసాల గటకలో ఒక మందు కలిపింది, మిగతా సగంలో ఏమీ కలపలేదు. రెండు రకాలనూ పక్కపక్కన చూస్తే మందు పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మంగ్లి పమిట సర్దుకుని దగ్గరికి జరిగింది.

"మందుందా? నువ్వు చేసినవా?"

"మా లేబులో చేసిండ్రు. అది మందని ఇంకా అనొద్దు దాదీ. ఈగకే పనిచేస్తదో లేదో తెలియది."

మంగ్లి తల ఊపింది. ఆమె ఏ ముక్కకు తల ఊపిందో అప్పుడు ఎవరూ గమనించలేదు.

పెద్ద ఈగల సీసాల్లో గటక ఎండకు ఎండి పగుళ్లిచ్చింది. కొత్తది వండాలన్నది భవాని. మక్కపిండి, బెల్లం, రొట్టెలలో వేసే ఈస్టు పొడి, గట్టిపడటానికి తాను తెచ్చుకున్న ఇంకేదో పొడి. స్టవ్ ముందు నిలబడి అది కలుపుతుంటే మంగ్లి ఊరుకోలేదు.

"ముద్దలు కడుతున్నయి. జరుగు ఇటు. ఈగలకైనా వండే తీరు ఉంటది." గరిటె లాక్కుని తిప్పింది. వేలికి అంటింది నాకి చూసింది. "గిది మన గటకనే గద! బెల్లమేసిన గటక. మా మంగ్లి ఎన్నడు తిన్నదే గింత మంచిది చిన్నతనంల?" అని తన పేరు తనే పిలుచుకుని నవ్వింది.

ఆ మర్నాడు కరెంటు పోయింది. పొద్దుననగా పోయింది మధ్యాహ్నం దాకా రాలేదు. భవాని తల్లితో కలిసి రేషను బియ్యానికి పోయి ఉంది. కూలరు ఆగిపోయి, రేకుల కింద ఇల్లు పెనంలా కాలుతుంటే, మంగ్లికి సీసాలు గుర్తొచ్చాయి. వేడికి తట్టుకోవని మనుమరాలు పది సార్లు చెప్పింది. ఆమె పెరట్లో నీళ్లకుండ దగ్గరికి వాటిని మోసుకుపోయింది. కుండ కింద ఎప్పుడూ తడి ఇసుక పోసి ఉంటుంది. ఎండాకాలం తమలపాకులు, కొత్తిమీర, దూడకు పెట్టే మందుసీసా, చల్లగా ఉండాల్సినవన్నీ ఆ ఇసుకలోనే గుచ్చుతుంది. ఈగల సీసాలను కూడా మెడల దాకా ఇసుకలో గుచ్చి, మీద తడిగుడ్డ కప్పి, మళ్లీ చెంబెడు నీళ్లు చిలకరించింది.

తిరిగి వచ్చిన భవాని ఖాళీ పెట్టె చూసి కేక పెట్టింది. పెరట్లోకి పరుగెత్తి గుడ్డ తీసింది. సీసాలు చల్లగా ఉన్నాయి. ఈగలు హుషారుగా ఉన్నాయి. ఒక్క పురుగు చావలేదు. అంటించిన కాగితాలు మాత్రం ఊడి, ఇసుకలో మెత్తటి ముద్దలై ఉన్నాయి. ఏ సీసా మందుదో, ఏది మందు లేనిదో తెలియదు.

"చల్లగ ఉంటయని పెట్టిన," అన్నది మంగ్లి. "చావనీయలే గద?"

"అవ్ దాదీ, చావనీయలే," అని భవాని ఇసుకలోనే చతికిలబడింది.

పుష్ప కూతురి పక్కన కూర్చుంది. "ఏ గిన్నెల ఉప్పేసిన్నో మరిచిపోతే రుచి చూసి చెప్తం గదనే. వీటిని చూసి చెప్పలేవా? మందు తిన్నవి బాగైతయి. తిననివి కావు. అప్పుడు తెలుస్తది గద."

"మందు పనిచేస్తదని తెలిస్తే గట్ల చెప్పొచ్చు యాడీ. పనిచేస్తదా లేదా అన్నదే గద నేను చూసేది. బాగైనయే మందు సీసాలని నేనే అనుకుని, మళ్లీ మందుతోనే బాగైనయని నేనే అంటే, ఏం తెలిసినట్టు?"

పుష్ప ఆ మాటను మొదటి నుంచి ఒకసారి, చివరి నుంచి ఒకసారి ఆలోచించింది. రెండుసార్లూ మధ్యలోనే తప్పిపోయింది.

అంత నష్టం కాదులే, మళ్లీ మొదటి నుంచి చేసుకుంటానని భవాని తనకు తానే చెప్పుకుంది. సీసాలను ఇసుకలోనే ఉంచింది, ఎందుకంటే కరెంటు రోజూ పోతున్నది, అక్కడైతే నిజంగానే చల్లగా ఉంది.

అసలు సంగతి రెండు రోజుల తర్వాత పక్కింటి కమ్లి నోట బయటపడింది. బోరింగు దగ్గర బిందె పెట్టి, పుష్పను చూడగానే, "మంచిగైంది వదినా, ఇంట్లనే మందుంది. పట్నం పోయే బాధ తప్పె!" అన్నది.

"ఏం మందు?"

"మీ భవాని తెచ్చింది. పొద్దున్నే తింటున్ననని మీ అత్త చెప్తే నేను గూడ నా మోకాలికి కొంచెం అడిగిన. అది దీనికి పనికి రాదన్నది."

పుష్ప బిందె అక్కడే వదిలి ఇంటికి వచ్చింది. మంగ్లి కుండ దగ్గర కూర్చుని, ఒక సీసాలోంచి చెంచా వెనకభాగంతో గటక తవ్వుకుంటున్నది. దాచుకోలేదు కూడా.

"అత్తమ్మా! పురుగులు తింటున్నవా?"

"పురుగులున్నయి ఎందుకు తింట? నాకేమన్న పిచ్చా? ఇది ఖాళీది. ముట్టనిది." నిజమే. తర్వాత వాడటానికని ఈగలు వేయకుండా ఉంచిన సీసాలు అవి. అందులో కూడా కొన్నింట్లో మందుంది, కొన్నింట్లో లేదు. "రోజుకు కొంచెమే తింటున్న. గడ్డ మెత్తబడ్డది. ఏది, చెయ్యి పెట్టి చూడు."

కోడలి చెయ్యి తీసుకుని కాంచళి కింద పెట్టుకుంది. పుష్ప వేళ్ల కింద ఆ గడ్డ చిక్కింది. మెత్తగా ఉందా? మొన్నటికంటే మెత్తగా ఉందా? మొన్న ఎలా ఉందో ఆమె వేళ్లకు గుర్తు లేదు. నొక్కితే గట్టిగా ఉన్నట్టుంది, వదిలితే లేనట్టుంది. ఉందని అనడానికీ లేదని అనడానికీ నోరు రాక చెయ్యి తీసేసుకుంది.

"చూసినవా, నీకు గూడ తెలిసింది," అన్నది మంగ్లి సంతోషంగా. "ఇంక సోమవారం లేదు, గీమవారం లేదు."

భవానికి చెప్పేసరికి ఆమె ముందు నవ్వింది. తర్వాత ఫోన్ పట్టుకుని సిగ్నల్ దొరికే రోడ్డు దాకా పరుగెత్తింది. మేడం చాలాసేపు మాట్లాడింది. అంత కొంచెం వల్ల ప్రమాదం ఉండదని, అయినా దవాఖానాలో డాక్టరుకు తప్పకుండా చెప్పమని అన్నది. తిరిగి వచ్చిన కూతురిని పుష్ప వాకిట్లోనే ఆపింది.

"మందు లేనిదే తిన్నవని చెప్పు. ఉత్త గటకనే అని చెప్పు. అప్పుడన్న కదులుతది."

"అది అబద్ధమైతే?"

"నిజమైతే?"

నిజం కావడానికి ఎంత వీలుందో అబద్ధం కావడానికీ అంతే వీలుంది. చివరికి భవాని లోపలికి పోయి, ఉన్నదున్నట్టే చెప్పింది. "దాదీ, నువ్వు తిన్నదాంట్ల మందుందో లేదో నాకు తెలియది. ఉన్నా అది మనిషికి పనిచేస్తదో చేయదో ఎవరికీ తెలియది."

"నాకు తెలుసు. మెత్తబడ్డది."

ఆ సాయంత్రం రవికుమార్ షిఫ్టు నుంచి వచ్చి సంగతి విని, టిఫిన్ డబ్బా నేలకేసి కొట్టాడు. "రోగం బాగుచేయమని పిలిస్తే ఈగల బువ్వ తినిపిస్తవా?" అని కూతురి మీద అరిచాడు. "దానిమీద ఎందుకు ఒర్లుతవ్? తిన్నది నేను. మంచిగైంది నేను," అని తల్లి అతని మీద అరిచింది. భవాని ఎవరి మీదా అరవలేదు. పెరట్లోకి పోయి ఖాళీ సీసాలన్నీ ఏరి గటక బర్రె కుడితిలో కూడా వేయకుండా గుంట తీసి పూడ్చింది. మంగ్లి అది చూసింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

సీసాల్లో పురుగులు మాత్రం ఇవేమీ పట్టకుండా పెరుగుతున్నాయి. మందు పోయినా మంగ్లికి వాటి దగ్గర కూర్చోవడం అలవాటైపోయింది. మిగిలిన సీసాలను ఒక్కొక్కటి ఎండకు ఎత్తి చూసేది. కొన్ని పురుగులు గటక వదిలి గాజుగోడ మీదికి పాకి, అక్కడే అతుక్కుని, కదలడం మానేసి గోధుమరంగుకు తిరిగాయి. మిగతావి కిందనే ఉండి తింటున్నాయి.

"ఇవి చచ్చిపోయినయి," అన్నది మంగ్లి, గోడ మీదివాటిని చూపిస్తూ. "ఇవి చూడు. ఎంత నిగనిగ ఉన్నయో! బలిసినయి."

"ఉల్టా చెప్తున్నవ్ దాదీ. గోడ ఎక్కినయి గూడు కట్టుకున్నయి. అవి మంచియి. బలిసినయే జబ్బువి."

"పో పిల్లా. నలభై ఏండ్లు బర్రెల్ని సాకిన. బక్కదేదో రోగందేదో నాకు తెలియదా? తింటుంది, ఒళ్లు చేసింది, మెరుస్తుంది. దానికి రోగమెట్లుంటది?"

"ఉండుండు, నువ్వే చూస్తవు."

మంగ్లి చూసింది. పని మానేసి చూసింది. మూడో నాడో నాలుగో నాడో గోడ మీది గోధుమరంగు గూళ్లలో ఒకటి పగిలింది. అందులోంచి ముడుచుకున్న రెక్కలతో ఒక ఈగ బయటికి వచ్చి, కాసేపు నిలబడి, రెక్కలు చాచుకుంది. మధ్యాహ్నానికి సీసా నిండా ఈగలు. కింద ఆ బలిసిన పురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి. తోటివాటికి రెట్టింపు లావైనాయి. చర్మం పల్చబడి లోపలిది కూడా కనిపిస్తున్నది. వాటిలో ఒక్కటి కూడా గోడ ఎక్కలేదు.

"ఎప్పుడెక్కుతయి?" అన్నది మంగ్లి.

"ఎక్కవు దాదీ. గట్లనే తింట తింట పోతయి."

"అన్ని సీసాలల్ల గట్లనే ఉన్నయా? మందుదాంట్ల గూడ?"

భవాని అన్నీ చూసింది. ఒకటి రెండు సీసాల్లో లావు పురుగులు కాస్త తక్కువగా ఉన్నట్టున్నాయి. అది మందువల్లో, అసలే తక్కువ పుట్టాయో చెప్పలేకపోయింది. "అన్నింట్ల ఉన్నయి. కొన్నింట్ల తక్కువున్నయి. ఎందుకో తెలియది."

"నొప్పి ఉంటదా వాటికి?"

"ఏమో. తినుడు మాత్రం ఆపవు."

మంగ్లి ఆ సీసాను కొంగుతో తుడిచి మళ్లీ ఇసుకలో గుచ్చింది. చాలాసేపు అక్కడే కూర్చుంది. పుష్ప వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. అత్తమ్మ చెయ్యి కాంచళి కింద ఎడమ వైపు ఉంది. నొక్కి చూసుకుంటున్నదో, ఊరికే పెట్టుకున్నదో అక్కడి నుంచి తెలియలేదు.

ఆదివారం పొద్దున భవాని సీసాలు పెట్టెలో సర్దుతుంటే మంగ్లి వచ్చి పక్కన నిలబడింది.

"ఆ బలిసినదాన్ని కోసి, లోపలి గడ్డ తీసేస్తే బతకదా?"

"అంత చిన్నదాన్ని ఎట్ల కోస్తం దాదీ? కొయ్యలేం."

"అవ్, చిన్నది," అన్నది మంగ్లి. కొంచెం ఆగి, "నేను పెద్దదాన్నే గద," అన్నది.

భవాని తల ఎత్తి చూసింది. మంగ్లి అప్పటికే గడ్డి కొడవలి చూరులో గుచ్చి, కమ్లి ఇంటి వైపు కేకేస్తున్నది. "ఏ కమ్లీ! మా బర్రెకు ఈ వారం నువ్వే గడ్డెయ్యాలె. నేను పట్నం పోతున్న."

ఎందుకు ఒప్పుకున్నదో పుష్పకు అంతు పట్టలేదు. మందు మీద నమ్మకం పోయిందా అంటే, అదీ కాదు. ఖమ్మం బస్టాండులో నలుగురూ బస్సు మారేటప్పుడు అత్తమ్మ కొంగుముడిలో ఏదో గట్టిగా తగిలితే విప్పి చూసింది. దూది పెట్టిన సీసా. భవాని పూడ్చనిది ఒకటి మిగిలింది.

"ఇదెందుకు అత్తమ్మా?"

"ఉండనియ్యి. కోసినంక ఇది గూడ తింట. రెండు చేస్తే తప్పేంది?"

పుష్ప కూతురి దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. "తిననియ్యనా?"

"వద్దు యాడీ. నాకియ్యి."

"ఉత్త గటకనే అయి ఉంటది గద?"

"అయి ఉంటది."

"అయి ఉంటదా, అవునా?"

భవాని సీసాను తన సంచిలో వేసుకుంది. అమ్మ కూడా దాదీలాగే అడగడం నేర్చింది.

హైదరాబాదు దవాఖానాలో వాళ్లను చూసిన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మంగ్లిని మంచం మీద కూర్చోబెట్టి, గడ్డను అటూ ఇటూ నొక్కి చూసింది. మంగ్లి ఆమె ముఖం వంకే చూస్తూ, "మెత్తబడ్డదా బిడ్డా?" అని అడిగింది.

"అంతకుముందు ఎలా ఉందో నేను చూడలేదు కదమ్మా," అన్నది డాక్టరు. తర్వాత కేసు కాగితం తీసుకుంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేదు మేడం," అన్నాడు రవికుమార్.

"వాడింది మేడం," అన్నది భవాని. "వాడి ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటే?"

భవాని తల్లి వైపు చూసింది. పుష్ప నేల వైపు చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఈగల దగ్గరా, ఇసుక దగ్గరా, కరెంటు దగ్గరా, ఎవరికీ తోచలేదు.

"బెల్లమేసిన మక్క గటక," అన్నది మంగ్లి. "మంచిగ రాసుకో. దాంట్ల మందున్నదో లేదో మా పిల్లకే తెలియది. మా పిల్ల గూడ నీ తీరుగ డాక్టరే, కాకపోతే ఈగలకు."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. భవాని ముందుకు జరిగి, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. రెండుసార్లూ భవాని తెలియదనే చెప్పింది. డాక్టరు అదే రాసుకుంది. రేపు ఇంకోసారి రక్తం చూసి, అంతా బాగుంటే ఎల్లుండి పొద్దున ఆపరేషన్ అన్నది.

నర్సు వచ్చి ఆకుపచ్చ గౌను ఇచ్చి తెర లాగింది. తెర వెనక మంగ్లి కాంచళి ముళ్లు తనే విప్పుకుంది. దాన్ని ఒకసారి ఎత్తి, అద్దాల్లో తన ముఖం ముక్కలు ముక్కలుగా కనబడితే చూసుకుని, కోడలి చేతికి ఇచ్చింది.

"అద్దాలు రాలకుండ మడతపెట్టు," అన్నది. "మళ్ల తొడుక్కోవాలె."